అద్దె ఇంటి కప్పు: ఖర్చు ఎవరిది? లాభం ఎవరిది?

ఒక వేసవిలో జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు మా వద్దకు వచ్చి కూర్చున్నారు. విజయవాడలో ఆయనకు మూడంతస్తుల ఇల్లు ఉంది. కింద తాము ఉంటూ పై రెండు అంతస్తులు అద్దెకు ఇచ్చారు. "మౌలానా సాబ్! డాబా మీద సోలార్ పలకలు పెట్టిద్దామని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. లక్షా ఎనభై వేలు అవుతుందట. అందులో 78 వేలు ప్రభుత్వం తిరిగి ఇస్తుందట. కాని డబ్బు పెట్టేది నేను, కరెంటు బిల్లు తగ్గేది అద్దెకున్న వాళ్ళకు. మరి నాకేం లాభం? దీని గురించి దీన్ ఏమైనా చెబుతుందా?" అని అడిగారు.

మరుసటి వారం ఆయన ఇంట్లోనే పై అంతస్తులో అద్దెకుంటున్న సోదరుడు వచ్చారు. "మౌలానా సాబ్! మే నెలలో రాత్రి పదకొండయినా మా గోడలు చల్లబడవు. పిల్లలు నిద్రపోరు. కప్పు మీద తెల్లసున్నం కొట్టించమంటే, ఉండేది మీరు, మీరే కొట్టించుకోండి అన్నారు. సొంతిల్లు కాని దానికి నేనెందుకు ఖర్చు పెట్టాలి?" అన్నారు.

కప్పు ఒక్కటే. దాని గురించి ఇద్దరు విశ్వాసులు అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే: "నేనెందుకు ఖర్చు పెట్టాలి?" ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అయినా ఇద్దరూ అక్కడే ఆగిపోతే, వేసవి వెంట వేసవి గడిచిపోతుంది. పై అంతస్తులోని పిల్లలకు మాత్రం నిద్ర ఉండదు.

ఇది మన ఊళ్ళ సమస్య మాత్రమే కాదు

మన బంధువులెందరో ఉంటున్న ఇంగ్లండులోనూ ఇదే చిక్కు ఉంది. అక్కడి బాధ చలి. బయటి గాలిలోని వేడిని గ్రహించి ఇంట్లోకి పంపే 'హీట్ పంపు' అనే యంత్రం అక్కడ వాడకంలోకి వస్తోంది. ఒక యూనిట్ కరెంటుతో అది సుమారు మూడు యూనిట్ల వేడిని ఇంట్లోకి చేరుస్తుంది. 2023 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం దానికిచ్చే సహాయాన్ని 7,500 పౌండ్లకు పెంచింది. అయినా అద్దె ఇళ్ళ యజమానులు ఎందరో వెనుకాడుతున్నారు. కారణం అదే: యంత్రం కొనేది యజమాని, బిల్లు తగ్గేది అద్దెదారుకు. ఇంటి నాణ్యత మరీ తక్కువగా ఉంటే అద్దెకు ఇవ్వరాదని 2018లో అక్కడ నిబంధన అమలులోకి తేవలసి వచ్చింది. మనసు కదలని చోట చట్టం అవసరమవుతుంది.

షరీఅత్ ఏమంటుంది?

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో అద్దె ఒప్పందాన్ని 'ఇజారా' అంటారు. ఇందులో ఇంటి యాజమాన్యం యజమాని వద్దే ఉంటుంది. ఆ ఇంటి నుంచి పొందే ప్రయోజనం మాత్రం గడువు ముగిసే వరకు అద్దెదారుది. ఈ ఒక్క మాట నుంచే ఎన్నో ఆదేశాలు వెలువడతాయి.

మొదటిది: ఇల్లు నివాసయోగ్యంగా ఉండటానికి అవసరమైన మరమ్మతులు యజమాని బాధ్యత. ఉస్మానియా ప్రభుత్వ కాలంలో, 1869-1876 మధ్య, హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా కూర్చిన 'మజల్లా'లో ఈ విషయం స్పష్టంగా ఉంది. యజమాని ఆ పని చేయించకపోతే అద్దెదారు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళవచ్చు. అయితే చేరేటప్పుడే ఇంటి పరిస్థితిని చూసి ఒప్పుకొని ఉంటే ఆ హక్కు ఉండదు. ఇంటికి మేలు చేసే మరమ్మతును యజమాని అనుమతితో అద్దెదారు చేయిస్తే, ఆ ఖర్చును యజమాని నుంచి రాబట్టుకోవచ్చు.

రెండవది: ఒప్పందం నడుమ యజమాని తనంతట తానుగా అద్దె పెంచరాదు. గడువు తీరాక, కొత్త సదుపాయాన్ని చూపించి ఇద్దరి అంగీకారంతో పెంచుకోవచ్చు.

మూడవది: నష్టం వస్తే భరించవలసినవాడికే లాభంపై హక్కు ఉంటుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధించారు (అబూ దావూద్, తిర్మిజీ). సోలార్ పలకలు గాలివానకు విరిగితే నష్టం యజమానిది. కాబట్టి వాటి లాభంలో తన వాటా కోరడం దురాశ కాదు. ఈ విషయంలో అద్దెదారులు కూడా న్యాయంగా ఆలోచించాలి.

కొలత ఎక్కడ తప్పుతుంది?

మరి పాపం ఎక్కడ మొదలవుతుంది? మన పట్టణాల్లో చాలా ఇళ్ళకు ఒకటే పెద్ద మీటరు ఉంటుంది. ఒక్కో వాటాకు ఒక చిన్న మీటరు పెట్టి, "కరెంటు ఆఫీసుకు కట్టేదే మీ దగ్గర తీసుకుంటున్నాం" అని యజమాని నెలనెలా వసూలు చేస్తారు. ఇప్పుడు డాబా మీద పలకలు వచ్చాయి, బిల్లు సగానికి పడిపోయింది. పై వాటా వారికి ఆ సంగతి చెప్పకుండా, అదే మాట మీద పాత లెక్కన వసూలు చేస్తే అది వ్యాపారం కాదు, మోసం.

ఒకసారి మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనబడేలా ఆ తడి ధాన్యాన్ని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన మందలించారు, మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు (ముస్లిం). గమనించండి, తడిసిన ధాన్యం అమ్మవద్దని ఆయన అనలేదు. దాచవద్దన్నారు. అలాగే తన పలకల కరెంటుకు యజమాని ధర కోరవచ్చు. కాని ఆ ధర ముందే తెలియాలి, అద్దెదారు ఒప్పుకోవాలి, దేశ చట్టానికి లోబడి ఉండాలి. ముతఫ్ఫిఫీన్ సూరాలో అల్లాహ్ హెచ్చరించింది తనకు రావలసినప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇవ్వవలసినప్పుడు తగ్గించేవారినే. ఆ కొలత తక్కెడలోనే కాదు, కరెంటు మీటరులో కూడా ఉంది.

డాబా విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. మూడు కిలోవాట్ల పలకలకు సుమారు 300 చదరపు అడుగుల చోటు కావాలి. బట్టలు ఆరేసుకోవడానికి, వేసవి రాత్రుల్లో పడుకోవడానికి డాబాను వాడుకోవచ్చని అద్దెదారుకు మాట ఇచ్చి ఉంటే, ఆయన అనుమతి లేకుండా ఆ చోటును ఆక్రమించడం సరికాదు.

ఫత్వా ఆగే చోట

పై అంతస్తు వేడి సంగతి తెలిసే ఆ సోదరుడు ఇంట్లో చేరారు. కాబట్టి సున్నం కొట్టించమని యజమానిని బలవంతపెట్టే హక్కు ఆయనకు లేదనే ఫత్వా రావచ్చు. కాని ఫత్వా ఆగే చోట తఖ్వా మొదలవుతుంది. తనకు ఇష్టమైనదే తన సోదరునికీ ఇష్టపడనంత వరకు విశ్వాసం పరిపూర్ణం కాదని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) నేర్పారు (బుఖారీ, ముస్లిం). ఆ యజమాని మే నెలలో ఒక్క రాత్రి పై అంతస్తులో పడుకుంటే, ఆయన ప్రశ్న మారిపోతుంది.

ఇద్దరినీ కూర్చోబెట్టి మేము చెప్పింది ఇదే. ముందుగా కప్పుకు తెల్లసున్నం కొట్టించండి. ఇది మన పెద్దలు ఎరిగిన ఉపాయమే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన 'కూల్ రూఫ్' విధానానికి మూలం కూడా ఇదే: తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది. ఖర్చు తక్కువ, అది యజమాని భరిస్తే మేలు. ఇక పలకల సంగతి. 2024లో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకం కింద 78 వేలు వస్తే మిగిలేది లక్షా రెండు వేలు. దానికోసం వడ్డీ రుణం జోలికి పోవద్దు. చేతిలో ఉంటే పెట్టండి, లేదా ఖర్జె హసనా దొరికే వరకు ఆగండి. నెలకు రెండు వేలు ఆదా అయితే 51 నెలల్లో పెట్టుబడి తిరిగి వస్తుంది. పలకలు పాతికేళ్ళ దాకా పనిచేస్తాయి. ఆదాలో ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకొని ఇద్దరూ సంతకం చేయండి. బిల్లును నెలనెలా గోడకు అంటించండి.

యజమాని కొంతసేపు మౌనంగా ఉండి, "సున్నం ఈ వారమే కొట్టిస్తాను. పలకల సంగతి ఇంట్లో మాట్లాడి చెబుతాను" అన్నారు. అద్దెదారు, "భాయ్‌సాబ్, కూలీ సగం నేనిస్తాను" అన్నారు. మేము అడగని మాట అది.

సోదర సోదరీమణులారా! ఇల్లు మనదైనా, ఆ కప్పు మీద పడే ఎండ అల్లాహ్‌ది. దాన్ని ఎవరూ అద్దెకు ఇవ్వలేదు, ఎవరూ కొనలేదు. ఆ ఎండ వల్ల ఒకరికి బాధ, ఇంకొకరికి లాభం కలిగేలా ఉంటే, ఆ రెంటి లెక్క రేపు ఆయన ముందు చెప్పవలసి ఉంటుంది. ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ ఒకే కొలతతో కొలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.