ముత్తాత అంగడి
(పాఠము: యెహోషువ 2వ అధ్యాయము, మత్తయి 1:1–16)



మొన్న వేసవిలో మా వంశపు పెద్దల పేర్లు వ్రాసియుంచవలెనని పాత బాప్తిస్మపు రిజిష్టరు తిరగవేసితిని. మా ముత్తాత పేరు కనబడెను. వృత్తి అను గడిలో ‘అంగడి’ అని ఒక్క మాటయే యున్నది. ఏమి అంగడి? ఉప్పు మిరపకాయలదా? ఊరిలో తొంబదియేండ్ల అవ్వనడిగితిని. ఆమె నవ్వి, “ఏమంగడి అని అడుగుతారేంది అయ్యగారూ! కల్లంగడే. మా నాయన చెప్తాండె” అనెను.

అది జరిగియుండవచ్చును. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము క్రింద కల్లు, సారాయి అంగళ్లను సర్కారువారు వేలము వేయుచుండిరి. ఎక్కువ పాడినవానికి గుత్త. మన కరువు సీమలో వాన తప్పినను గుత్త సొమ్ము తప్పదు. ఆ సొమ్ము కూలివాని మొలలోనుండియే రావలెను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఏలయనగా ఆరు నెలల క్రిందట మన సంఘములో ఒక పెండ్లి సంబంధము “సారాయి అంగడి వారి పిల్ల మనకెందుకు?” అను మాటతో చెడెను. ఆ మాట నా యెదుటనే అనిరి. కాపరినైన నేను నోరు మెదపలేదు.

యెరికో గోడమీద రాహాబు ఇల్లుండెను. ఆమె వేశ్యయని లేఖనము చెప్పుచున్నది. మొదటి శతాబ్దపు యూదా చరిత్రకారుడు యోసేపసు ఆ యింటిని బాటసారులు దిగు పూటకూళ్ల యిల్లుగా వ్రాసెను. ఎట్లయినను, పదిమంది మెచ్చు ఇల్లు కాదు. అయినను మత్తయి ప్రభువు వంశావళి వ్రాయునప్పుడు ఆమె పేరు దాచలేదు. బోయజు తల్లి రాహాబే యని తేటగా వ్రాసెను.

అయితే కల్లంగడి మంచిదని నేననుట లేదు. మా ముత్తాత పెట్టెలో పడిన ప్రతి అణా ఏ బిడ్డ సంగటిముద్దయో! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆ దుఃఖము తాళలేకయే సారాయి దుకాణమునకు ఎదురు నిలిచిరి. 1993 అక్టోబరు 1 నుండి మన రాష్ట్రములో సారాయి నిషేధమాయెను. పాపమును పాపమనియే చెప్పవలెను. కాని తండ్రి దోషమును కుమారుడు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయము బోధించుచున్నది. ముత్తాత అంగడికి నేను లెక్క చెప్పనక్కరలేదు. నా మౌనమునకు చెప్పవలెను.

కావున ఆ పిల్ల యింటికి వెళ్లి, రిజిష్టరు సంగతి చెప్పి, క్షమాపణ వేడుకొంటిని. ఆమె తండ్రి చాలసేపు ఊరకుండి, “మీ ముత్తాత, మా జేజినాయన ఒకే వేలంలో పాడినారేమో అయ్యగారూ” అనెను. ఇద్దరమును నవ్వితిమి, ఇద్దరి కన్నులును చెమ్మగిల్లెను. ఆ సంబంధము మరల కుదరలేదు. నా మాట ఆలస్యమాయెను.

ప్రియులారా, మీ పెద్దల పేర్లు వ్రాసికొనుడి, ఏదియు దాచకుడి. కాని ఎవరి బిడ్డను వారి తాత అంగడి తక్కెడలో తూచకుడి. రాహాబును తన వంశములో చేర్చుకొనిన ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.