చూపించకపోవడం స్వార్థమా?



మన ఛానల్ వీడియోల్లో పాట వెనక కనిపించే కొండలు, పొగమంచు, పక్షుల షాట్లు చాలావరకు నేను తీసినవే. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మిగిలిన రెండు రోజులు కెమెరా. అందుకే ఎక్కడ కలిసినా నన్ను ఒకటే అడుగుతారు: "ఆ ప్లేస్ ఎక్కడ? లొకేషన్ పంపించు." చాలాసార్లు పంపిస్తాను. కొన్నిసార్లు పంపించను. అప్పుడు ఎదుటివాళ్లు నొచ్చుకుంటారు. ఈ వారం నాలుగు మాటలు ఆ పంపించకపోవడం గురించే. దేవుడు అందరి కోసం చేసిన అందాన్ని ఒకడు చూసి, దారి మాత్రం చెప్పకుండా ఉండొచ్చా? అది ధర్మమేనా?

మాది గుణదల. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకి లక్షల మంది వచ్చే కొండ మా ఇంటి నుంచి కనిపిస్తుంది. అటు ఇంద్రకీలాద్రి, ఇంకొంచెం ముందుకి పోతే కొండపల్లి అడవి. మే నెలలో ఈ కొండలు కాలిన పెనంలా ఉంటాయి. తొలకరి పడిన రెండు వారాలకి అవే రాళ్ల సందుల్లోంచి పచ్చదనం లేస్తుంది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున కృష్ణ మీద మంచు. అవే రోజుల్లో గుడివాడ మీదుగా కైకలూరు వెళ్తే, కొల్లేటి ఒడ్డున ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్లు కట్టుకుంటూ ఉంటాయి. అంటే ఫోటోకి వెలుగు బాగుండే కాలమూ, పక్షి పిల్లల్ని పెంచుకునే కాలమూ ఒకటే. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

పోయిన చలికాలం మా దగ్గర్లోని ఒక రాతిగుట్ట మీద పెద్ద గుడ్లగూబల జంట కనిపించింది. దూరం నుంచి లాంగ్ లెన్స్‌తో ఒక్క ఫోటో తీసుకుని వచ్చేశాను. ఈ జాతి ఎక్కువగా చెట్ల మీద కాకుండా రాతి అంచుల్లో, నేల మీదే గుడ్లు పెడుతుంది. మనిషి నడిచి వెళ్లగలిగే చోటే. మా బాబాయికి అరవై దాటాయి, పక్షులంటే ప్రాణం. ఫోటో చూసి "రేపు తీసుకెళ్లరా" అన్నాడు.

"ఇప్పుడొద్దు బాబాయ్, గుడ్లు పెట్టే కాలం."

"పోనీ ఎక్కడో చెప్పు, నేనే వెళ్తా."

"చెప్పను బాబాయ్, ఏమనుకోకు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట: "ప్రసాదం చేతిలో పెట్టుకుని ఒక్కడే తినేవాణ్ణి ఏమంటారో తెలుసా?"

ఆ మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదండి. చూపించకపోతే కాపాడటం కూడా కుదరదు. కలివికోడి సంగతే చూడండి. 1900 తర్వాత శాస్త్రవేత్తలకి కనిపించక, ఆ పక్షి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడికి దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ అది కలివికోడేనని తేల్చారు. ఉందని రుజువైంది కాబట్టే దానికోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చుకోవాల్సి వచ్చింది. ఎవరూ చూడకపోయి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. కానీ చేతికి దొరికిన ఆ ఒక్క పక్షి మాత్రం బతకలేదు. జాతి ఉందని లోకానికి తెలిసింది, ప్రాణం పోయింది. రెండూ నిజాలే.

ఇక రెండోవైపు. పాడేరు దగ్గర వంజంగి మేఘాల కొండ ఒకప్పుడు చుట్టుపక్కల గిరిజనులకే తెలుసు. సోషల్ మీడియాలో ఫోటోలు తిరిగాక చలికాలం వస్తే చాలు జనమే జనం, వాళ్లు వదిలెళ్లిన ప్లాస్టిక్. అక్కడివాళ్లకి టీ కొట్ల మీద, టెంట్ల మీద నాలుగు డబ్బులు వస్తున్నాయి, అది కాదనలేం. కొండ కూడా ఎక్కడికీ పోదు, చెత్త ఏరితే మళ్లీ బాగుపడుతుంది.

గూడు అలా కాదు. మనిషి దగ్గరికొస్తే తల్లి లేచిపోతుంది. గుడ్లకి ఎండ తగులుతుంది, పైనుంచి కాకి చూస్తుంది. గూడబాతు గుడ్డు పిల్ల కావడానికి సుమారు నెల పడుతుంది. ఆ పిల్ల ఇంకో మూడు నుంచి ఐదు నెలలు గూటి దగ్గరే ఉంటుంది. మనం నిలబడే పది నిమిషాలు ఆ లెక్కలో చిన్నవి కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటకి ఇచ్చిన అర్థంలో, అడవి పక్షుల గుడ్లని, గూళ్లని ఇబ్బంది పెట్టడాన్ని కూడా చేర్చింది. చేతిలో తుపాకీ ఉండక్కర్లేదు. పైగా గుడ్లగూబకి ఇంకో గండం ఉంది. లక్ష్మీదేవి వాహనమని చెప్పుకునే దేశంలోనే, దీపావళి ముందు క్షుద్రపూజల కోసం దాన్ని పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు.

మహాభారతం కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెప్తాడు. ఎప్పుడూ నిజమే చెప్పాలని వ్రతం పట్టిన తపస్వి ఆయన. దొంగలకి భయపడి కొంతమంది ఆయన ముందు నుంచే అడవిలోకి పారిపోయారు. దొంగలొచ్చి అడిగితే, అటు వెళ్లారని నిజం చెప్పేశాడు. పారిపోయినవాళ్లందరూ చనిపోయారు. ఆ నిజానికి ఫలితంగా కౌశికుడు నరకానికి వెళ్లాడు. 'ఎక్కడ' అన్న ప్రశ్నకి జవాబు చెప్పేవాడికి, ఆ జవాబు ఎక్కడిదాకా పోతుందో చూసుకునే బాధ్యత కూడా ఉందని నాకు ఈ కథలో అర్థమైంది. మా బాబాయి దొంగ కాదు, నిజమే. కానీ లొకేషన్ ఆయన దగ్గర ఆగదు. ఫ్యామిలీ గ్రూప్‌లోకి వెళ్తుంది, అక్కడి నుంచి ఇంకో గ్రూప్‌కి. నేను నమ్మిన మనిషి ఒక్కడే, అది చేరే మనుషులు ఎందరో. అలాగని "గుర్తులేదు బాబాయ్" అని అబద్ధమూ ఆడక్కర్లేదు. "చెప్పను" అన్నది నిజమైన మాటే.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉంది. "నువ్వు చూశావుగా? నీకో రూలు, మాకో రూలా?" మా ఉద్యోగంలో లోడ్ టెస్ట్ అని ఒకటి చేస్తాం. ఒక్కరు వాడితే పనిచేసే సర్వర్ వెయ్యిమంది ఒకేసారి వస్తే నిలబడుతుందా లేదా అని. నిలబడదని తేలితే మొదట వచ్చినవాడికి ప్రత్యేక హక్కేమీ రాదు. గూటి విషయంలోనూ అంతే. పదోవాడు వెళ్లకూడని దూరానికి మొదటివాడూ వెళ్లకూడదు. నేను రెండోసారి అక్కడికి వెళ్తే, బాబాయికి చెప్పకపోవడం ధర్మం కాదు, పెత్తనం అవుతుంది. అందుకే ఆ గుట్ట వైపు మళ్లీ వెళ్లలేదు.

మరి దాచడమే కాపాడటమా? కాదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు పెడతాయి. గూడబాతుల్ని సైబీరియా పక్షులని చాలామంది అంటారు గానీ, ఇవి మన దేశంలోనే పుట్టి పెరిగేవి. ఏ గూడు ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. అవి రావడం శుభమని నమ్ముతారు, జోలికి పోరు. అక్కడ రహస్యం లేదు, కాపలా ఉంది. 1999లో అభయారణ్యమైన కొల్లేరుకి 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఆటపాకలో అటవీశాఖ వాచ్ టవర్ ఉంది, గూళ్ల కోసం ఇనుప స్టాండ్లు పెట్టారు. అక్కడికి ఎంతమందినైనా తీసుకెళ్తాను. బాబాయిని కూడా తీసుకెళ్లాను. టవర్ మీద నుంచి గంటసేపు చూసి సంతోషించాడు, అయినా గుడ్లగూబ మాట మర్చిపోలేదు. ఆయన బాధ పోయిందని చెప్పను. సరైన పని చేస్తే అందరూ సంతోషిస్తారని ఎక్కడా రాసిలేదు.

నేను పెట్టుకున్న నియమం ఇది. చూసుకునేవాళ్లు ఉన్న చోటుకి దారి చెప్తాను, లేని చోటుకి చెప్పను. గుట్ట సంగతి అటవీశాఖవాళ్లకి మాత్రం చెప్పాను. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేసి ఉంచుతాను, ఎందుకంటే ఫోటో ఫైల్ లోపలే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాక్కుని ఉండొచ్చు. పక్షుల లెక్కలు రాసుకునే ఈబర్డ్ లాంటి చోట కూడా ప్రమాదంలో ఉన్న జాతుల ఖచ్చితమైన స్థలాన్ని అందరికీ చూపించరు.

ప్రసాదం పంచాల్సిందే, బాబాయి మాట అక్షరాలా నిజం. ఫోటో ప్రసాదం, అది అందరిదీ. కానీ ప్రసాదం పంచడమంటే గర్భగుడి తాళంచెవి పంచడం కాదు కదండి. గుడిలో ఫోటోలు తీయొద్దంటే ఎవరమూ గొడవపడం, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం. చూడనిది తక్కువైందని అనిపించదు. గుడ్లు పొదిగే తల్లి ముందు కూడా ఆ మాత్రం సంస్కారం మనకి ఉండాలి.

ఈ చలికాలం మీరు కెమెరా పట్టుకుని బయల్దేరే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి: నేను వచ్చానని దానికి తెలియకుండా చూసి రాగలనా? రాగలనంటే వెళ్లండి. శుభం.