చూపెట్టుడు, అప్పజెప్పుడు

'చెయ్యి తిరిగిన మెకానిక్' అంటాం. ఆ చెయ్యి మొదట దేని మీద తిరిగిందో అడగం. వంట నేర్చుకునేవాడు నాలుగు రోజులు కూర మాడుస్తాడు, ఇంట్లోవాళ్లు సర్దుకుని తింటారు. 100 టన్నుల మట్టి మోసే డంపర్‌కి బ్రేకులు సరిచెయ్యడం నేర్చుకునే ఇరవై ఏళ్ల కుర్రాడి సంగతి అలా కాదు. వాడు పగలు బిగించిన బోల్టుల్ని నమ్ముకుని రాత్రి షిఫ్టులో ఇంకెవరో గని వాలు దిగుతారు. ఆ ఆపరేటర్‌కి తన బండిని ఎవరు బాగుచేశారో తెలియదు. నా ప్రాణం మీద పని నేర్చుకో అని అతను ఎవరికీ అనుమతి ఇవ్వలేదు.

అలాగని కొత్తవాళ్లని బండి ముట్టుకోనివ్వకపోతే, కొన్నేళ్లకి చెయ్యి తిరిగినవాళ్లే మిగలరు. ప్రమాదం ఇవాళ్టి ఆపరేటర్ నుంచి రేపటి ఆపరేటర్‌కి మారుతుంది, అంతే. నేర్చుకోవడంలో ఉన్న రిస్కుని ఎవరో ఒకరు మొయ్యాలి. ఎవరు మొయ్యాలి, ఎంత మొయ్యాలి, ఎవరికి చెప్పి మోయించాలి అన్నదే నా ప్రశ్న.

గోదావరిఖని, మణుగూరు, కొత్తగూడెం వైపు తిరిగినవాళ్లకి ఓపెన్‌కాస్ట్ గనుల యంత్రాలు కొత్త కాదు. డంపర్ టైరే మనిషి కన్నా ఎత్తుంటుంది. సింగరేణి బొగ్గులో ఎక్కువ భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తుంది. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తిన తరం పోయి, యంత్రాల్ని నడిపే, బాగుచేసే తరం వచ్చింది.

ఈ యంత్రాల ప్రమాదం చాలావరకు కంటికి కనపడదు. కారు టైరులో గాలి ఒత్తిడి 30 పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటుంది. పెద్ద ఎక్స్‌కవేటర్ హైడ్రాలిక్ గొట్టాల్లో ఆయిల్ ఒత్తిడి 5,000 దాకా వెళ్తుంది. గొట్టానికి గుండుసూది మొనంత చిల్లు పడినా చాలు, అందులోంచి వచ్చే సన్నటి ధార చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్టే ఉంటుంది. ఆలస్యమైతే వేలో, చెయ్యో తీసెయ్యాల్సి రావచ్చు. అందుకే లీకు కోసం చేత్తో తడమకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఇంజన్ ఆపినంత మాత్రాన అక్యుములేటర్‌లో ఒత్తిడి పోదు. పైకి లేపిన డంపర్ బాడీ కిందికి దూరేముందు దానికి సపోర్టు పెట్టాలి. ఇవన్నీ ఐటీఐ నోట్సులో రాసుకోవచ్చు. కానీ ఆకలేస్తున్నా, షిఫ్టు అయిపోవస్తున్నా, బండి ఇంకా ఎందుకు రాలేదని ఫోన్లు వస్తున్నా, అట్టముక్క కోసం లేచి వెళ్లడం నోట్సు నేర్పదు. పక్కనున్న పెద్దవాడు రోజూ లేచి వెళ్తుంటే చూసి అలవాటు చేసుకోవాలి.

ఇంతకీ ఈ కుర్రాడు ఎవరు? చట్టం రెండు జవాబులు చెప్తుంది. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అతను శిక్షణ పొందేవాడు, కార్మికుడు కాదు. ఆ చట్టంలో విడిగా చెప్పినచోట్ల తప్ప కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. అదే చట్టం 14వ సెక్షన్లో, భద్రత దగ్గరికొచ్చేసరికి, ఫ్యాక్టరీలో అయితే కార్మికుడైనట్టే, గనిలో అయితే అక్కడ పనిచేసే మనిషైనట్టే చూడాలంటుంది. 2019లో మార్చిన నిబంధనలు కనీస స్టైపెండ్‌ని చదువుని బట్టి నెలకి 5,000 నుంచి 9,000 రూపాయల మధ్య పెట్టాయి. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. మిగతావన్నీ సమానమైతే శిక్షణ పొందినవాళ్లకే ప్రాధాన్యం ఇవ్వాలని మాత్రం 1995లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది.

దీన్ని మోసం అని కొట్టిపారెయ్యలేను. తొలిరోజు నుంచే పూర్తి జీతం, పూర్తి హక్కులు ఇవ్వాలంటే నేర్పడానికి ఎందరు ముందుకొస్తారు? నేర్పేవాడి సమయానికీ, పాడయ్యే సామానుకీ, ఆగిపోయిన బండికీ ఖర్చుంది. కానీ ఈ వాదన నిలబడాలంటే నిజంగా నేర్పాలి. ఏడాదంతా పానాలు అందిపించుకుని, నేల తుడిపించి, చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెడితే దాని పేరు చవక కూలీ.

చిక్కేమిటంటే, ఇది శిక్షణ, ఇది చాకిరీ అని బయట నిలబడి గీత గియ్యలేం. విప్పిన భాగాల్ని డీజిల్‌తో కడగడం చూడ్డానికి చాకిరీయే. బేరింగ్ ఎక్కడ అరిగిందో, సీలు ఎందుకు చిరిగిందో కళ్లకీ వేళ్లకీ తెలిసేది మాత్రం అక్కడే. మొదటి నెలలో అది చదువు. పదో నెలలో కూడా అదే చేస్తూ, ఇది ఎందుకు అరిగిందిరా అని ఒక్కరూ అడక్కపోతే అది చాకిరీ.

మా మేనమామ ఓపెన్‌కాస్ట్ వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయనకి ఇదంతా చెప్తే, "చూపెట్టుడు ఒకటి, అప్పజెప్పుడు ఒకటి అల్లుడా. రెండూ ఒకటే అనుకున్నోడే పోరగాళ్ల చేతులు ఇరగ్గొడ్తడు" అన్నాడు.

నాకు ఈ మాట చట్టం కన్నా స్పష్టంగా ఉంది. చూపెడుతున్నంత కాలం కుర్రాడి చేతిలో జరిగిన తప్పు నేర్పేవాడిదే. అప్పజెప్పాక అది కుర్రాడిది. అప్పజెప్పడమంటే నోరు విప్పి చెప్పడం, కాగితం మీద రాయడం: ఫలానా పని ఇతను ఒంటరిగా చెయ్యగలడు, నేను చూశాను, ఇదిగో నా సంతకం. "జర చూస్కో" అనేసి టీకి వెళ్లిపోవడం ఈ రెంటిలో ఏదీ కాదు. అలాంటప్పుడు పని బాగా కుదిరితే పేరు మేస్త్రీకి వస్తుంది. చెడితే "అప్రెంటిస్ చేసిండు సార్" అన్న మాట సిద్ధంగా ఉంటుంది.

లాకౌట్ పద్ధతిని సరిగ్గా పాటించే వర్క్‌షాపుల్లో ఒక మంచి నియమం ఉంది. బండి మీద పనిచేసే ప్రతి మనిషీ మెయిన్ స్విచ్ దగ్గర తన సొంత తాళం వేస్తాడు. చెవి తన జేబులోనే ఉంటుంది. ఐదుగురుంటే ఐదు తాళాలు. అప్రెంటిస్ తాళం ఒక్కటి వేలాడుతున్నా సరే, మేనేజరే వచ్చి చెప్పినా బండి స్టార్ట్ చెయ్యకూడదు. కార్మికుడా, కార్మికుడైనట్టా అన్న చర్చే అక్కడ రాదు.

కానీ తాళం కుర్రాణ్ణి బండి నుంచి కాపాడుతుంది. కుర్రాడి చేతి నుంచి ఆపరేటర్‌ని కాపాడలేదు. అది జరగాలంటే పెద్దవాడి సంతకంతో పాటు కుర్రాడికి ఇంకో హక్కుండాలి: "నాకింకా రాదు" అనగలగడం. ఏడాది తర్వాత ఇక్కడే తీసుకుంటారేమో అన్న ఆశతో పనిచేస్తున్నవాడు, ఆ ఆశ ఎవరి దయ మీద ఆధారపడి ఉందో తెలిసినవాడు, ఆ మాట అనడు. రాకపోయినా తల ఊపి పానా అందుకుంటాడు. జీతాన్నీ ఉద్యోగాన్నీ ఒక సెక్షన్లో, భద్రతని ఇంకో సెక్షన్లో విడివిడిగా పెట్టడం కాగితం మీదే కుదురుతుంది. వర్క్‌షాపులో రెండూ ఒకే కుర్రాడి నోటి దగ్గర కలుస్తాయి. అతను నోరు మూసుకుంటే ఆ మౌనం బండి ఎక్కి వాలు దిగుతుంది.

అందుకే ఒక చోట అప్రెంటిస్‌షిప్ బాగుందో లేదో తెలియాలంటే, సిలబస్ గురించి తర్వాత అడుగుతాను. "నాకింకా రాదు సార్" అన్న కుర్రాడికి మర్నాడు ఏమైందో ముందు అడుగుతాను.