తొట్టిలో గడ్డిపరక

క్రిస్మస్ ముందు రోజులంటే మంగినపూడి చుట్టుపక్కల వరి కోతల కాలం. కళ్లాల్లో కొత్త గడ్డి. పిల్లల చేత ఓ గుప్పెడు తెప్పించండి. ఇంట్లో క్రిస్మస్ పశువుల పాక కట్టండి. అందులో తొట్టి మాత్రం ఖాళీగా ఉంచండి.

బాబు తమ్ముడితో తాయిలం పంచుకున్నాడా? తొట్టిలో ఒక గడ్డిపరక వేయమనండి. పాప నాయనమ్మకు మంచినీళ్లు అందించిందా? మరో పరక. క్రిస్మస్ రాత్రి బాలయేసు బొమ్మను ఆ గడ్డి మీదే పడుకోబెట్టండి.

1223లో ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో పునీత ఫ్రాన్సిస్‌గారు తొట్టి పెట్టించారు. గడ్డి పరిపించారు. ఎద్దునూ గాడిదనూ రప్పించారు. ప్రభువు పేదరికాన్ని కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక.

పిల్లలూ అంతే. చూసి నమ్ముతారు. చేసి నేర్చుకుంటారు. జపం నేర్పండి. దానితోపాటు ప్రేమగా ఒక పని చేయించండి. చేసి నేర్చుకున్న విశ్వాసం నిలుస్తుంది. ఈ రోజే మొదలుపెట్టండి.