తనది కాని నేలలో తోట

కొడుకు, చెరువు, నిక్షేపము, అగ్రహారము, దేవాలయము, వనము, కృతి అని మన పూర్వులు సప్తసంతానములను లెక్కించినప్పుడు, మనుష్యుడు పోయిన పిమ్మటను వాని పేరు నిలుపగల వస్తువు లేవియో ఆలోచించిరే కాని, వానికి చోటెక్కడ దొరకునని ఆలోచించినట్లు కానరాదు. కొడుకును కృతియు తప్ప తక్కిన అయిదింటికిని నేల కావలెను. బంగారము పాతిపెట్టుటకైనను జానెడు నేల తనదై యుండవలెను గదా. జీతమునకు కుదిరి, యజమాని యిచ్చిన యింట కాపురముండి, ఉద్యోగము తీరిననాడు ఆ యింటి తాళపుచెవిని అప్పగించి వెడలిపోవువానికి వనప్రతిష్ఠ యెట్లు సిద్ధించును? ఈ ప్రశ్న నాకు శాస్త్రగ్రంథముల పుటలలో తోచినది కాదు. బెంగాలులోని ఖరగ్‌పూరున పూరీ గేటను చోటును తలచుకొన్నప్పుడు తోచినది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, కొన్ని యేండ్లకు ఖరగ్‌పూరున రైలు కూడలిని, పెద్ద కార్ఖానాను నెలకొల్పగా, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతముల పల్లెలనుండి ఆ రైలుదారినే పట్టుకొని వచ్చిన తెలుగువారు ఖలాసీలై, ఫిట్టర్లై, బాయిలరు పనివారై, గ్యాంగుమనుషులై అచట స్థిరపడిరి. స్థిరపడిరన్న మాటను కొంత సంకోచముతో వాడుచున్నాను. వరాహగిరి వేంకటగిరివంటి నాయకుల వెంట 1927 నాటి సమ్మెలో నిలిచి, 1955లో తమ రైల్వేకు ఆగ్నేయ రైల్వే యని పేరు మారుట చూచి, మూడు నాలుగు తరములు అక్కడనే పుట్టి పెరిగి, తుదకు 2020 డిసెంబరులో తమ భాషకు బెంగాలు ప్రభుత్వమువారి అధికార గుర్తింపును గూడ పొందిన వారికి, క్వార్టర్సు వెనుక తాము నాటిన మునగచెట్టు నేటికిని తమది కాదు. రిటైరైన మరునెలలో ఆ మునగకాడలను కోసికొనువాడు మరియొకడు. భాషకు దొరకిన హక్కు నేలకు దొరకలేదు. దొరకునన్న ఆశయు లేదు, ఏలయన ఆ నేల మొదటినుండియు రైల్వేవారిదే.

అట్టి రైల్వే సెటిల్‌మెంటులలో క్వార్టర్ల వరుసల నడుమ మిగిలిన ఖాళీస్థలమును పదుగురు చేరి పార్కుగా దిద్దుకొనుట యున్నదే, అది చూడ స్వల్పకార్యము. ఆదివారమునాడు డ్యూటీ లేనివారు పారలు పట్టి వచ్చుట, గునపమునకు లొంగని ఆ ఎర్ర కంకరనేలను త్రవ్వి గుంతలలో మంచిమట్టి నింపుట, ఇటుకలను ఏటవాలుగా పాతి సున్నము వేయుట, వేసవిలో మొక్కకు నీరెవరు పోయవలెనని తగవులాడుట, ఇంతియే. కాని యీ స్వల్పకార్యమునకు ధర్మశాస్త్రమున నొక పెద్ద పేరున్నది. యజ్ఞయాగాదులకు ఇష్టమనియు, వాపీకూపతటాకములకును, దేవాలయములకును, ఆరామములకును పూర్తమనియు పేర్లు పెట్టిన స్మృతికారులు, ఈ రెంటి నడుమ అధికారవిషయమున ఒక భేదమును చూపిరి. అత్రి, లిఖిత స్మృతులు వైదికమైన యిష్టమున శూద్రునకు అధికారము లేదన్నవి. పూర్తమున మాత్రము ఉన్నదన్నవి. మొదటి మాటను నేను సమర్థింపను. కాని రెండవ మాట నన్ను నిలిపివేసినది. సమాజము ఇన్ని తలుపులు మూసిన కాలమునందును ఈ యొక్క తలుపును మూయలేకపోయినది. నీరు త్రాగువాడును, నీడను నిలుచువాడును ఆ బావి త్రవ్వించినవాని కులము నడుగరని స్మృతికారులకు తెలిసియే యుండును.

ఉద్యానములలో ఉత్సవములు జరుపుట నేటి నాగరికతయని తలచువారు మత్స్యపురాణమున వృక్షోత్సవవిధిని చూడవలెను. అందు చెట్లకు స్నానము చేయించి, వస్త్రములు కట్టి, పూలమాలలు వేసి, బంగారుసూదితో చెవులు కుట్టి, బంగారుపుల్లతో కాటుక పెట్టి, తుదకు ఆ చెట్ల నడుమనుండి పాలిచ్చు ఆవు నొకదానిని ఉత్తరముఖముగా విడువవలె నని యున్నది. చెట్టునకు చెవు లెక్కడివని నవ్వవచ్చును. అయినను కొడుకునకు చేయు సంస్కారమునే చెట్టునకును చేయించిన ఆ పురాణకర్త, అదే గ్రంథమున ఒక వృక్షము పదుగురు పుత్రులతో సమానమని చెప్పినవాడే కావున, తన మాటకు తాను కట్టుబడెను. 1950లో కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును దేశవ్యాప్తముగా ప్రారంభించినప్పుడు ఈ సంస్కారమే వేషము మార్చుకొని వచ్చినది. ఏటేట అదే గుంతలో క్రొత్త మొక్కను నాటి ఛాయాచిత్రము తీయించుకొనువారిని చూచినప్పుడు మాత్రము, ఆ బంగారుసూదియే నయమని నాకు తోచును. చెవులు కుట్టినవాడు ఆ బిడ్డ మరుసటేడు బ్రతికియున్నాడో లేదో చూడకపోడు గదా.

ఇంక అసలు చిక్కునకు వత్తము. దానమనగా తన స్వత్వము తొలగి పరుని స్వత్వము కలుగుట. తనది కానిదానిని ఎవడును ఈయజాలడు. రైల్వేవారి నేలలో మొక్క నాటిన ఖలాసీ దేనిని ఇచ్చినట్లు? మీమాంసకు డడుగదగిన ప్రశ్నయే యిది. కాని పూర్తకర్మకు ప్రాణమైనది దానము కాదు, ఉత్సర్గము. చెరువు త్రవ్వించినవాడు సంకల్పమును, హోమమును ముగించి, ఈ జలము సమస్త భూతములకును అని విడిచిపెట్టును. అచట స్వీకర్త లేడు. చేయి చాచువాడు లేడు గనుక పైచేయి క్రిందిచేయి యనుట లేదు. ఇట్లు చూచినచో ఖలాసీకి నేలపై స్వత్వము లేకుండుట అడ్డము కాదు. వానిదైనది ఒక్కటి కలదు, అది వాని ఆదివారము. ఆరు దినములు కార్ఖానా కూతకు లేచినవాడు, ఏడవదినమున ఒడలు నొచ్చునట్లు మట్టి మోసినచో, దానిపై యజమానికిని ప్రభుత్వమునకును ఏ హక్కును లేదు. దానిని విడిచినప్పుడు పరిపూర్ణముగా తనదైన దానినే విడిచినవాడగును. 1951లో పోచంపల్లియందు నూరెకరములు దానము చేసిన వెదిరె రామచంద్రారెడ్డిగారిని లోకము స్మరించుట న్యాయమే. నేలలేనివాడు ఈయగల దానికి శ్రమదానమని పేరుపెట్టుట మాత్రము నాకు పూర్తిగా నచ్చదు, ఆ మాటలో మరల దాత దూరుచున్నాడు. శ్రమోత్సర్గ మన్నచో బాగుండెడిది, నోరు తిరుగదందురేమో.

ఉత్సర్గవిషయమున ధర్మశాస్త్ర నిబంధనకారులు చర్చించిన సందేహము మరియొకటి కలదు. చెరువును అందరికిని విడిచిన పిమ్మట, త్రవ్వించినవాడు అందు స్నానము చేయవచ్చునా, చేసినచో ఇచ్చినదానిని మరల తీసికొన్నట్లు కాదా? చేయవచ్చునని వారు సమాధానపడిరి. ఏలయన సమస్త భూతములలో వాడును ఒకడు. ఈ సమాధానము పైకి తేలికగా కనబడును కాని, ఆచరణమున దీనికంటె కష్టమైనది లేదని నా యభిప్రాయము. ఇచ్చుట సులభము; ఇచ్చినచోటికి అందరిలో ఒకడై తిరిగి వచ్చుట దుర్లభము. పార్కులో సిమెంటు బల్ల వేయించిన కొన్నాళ్లకే దానిపై పేరు వెలయును. ఆ పేరుగలవాడు వచ్చినప్పుడు కూర్చున్నవారు లేవవలెనను నియమము, ఎవరును చెప్పకయే, మెల్లగా పుట్టును. పేరు చెక్కించుటయే తప్పని నే ననను. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలమున బోధిసిరి యను ఉపాసిక, తాను కట్టించిన చైత్యగృహమును, చెరువును, మండపములను వరుసగా శాసనమున చెక్కించి, భర్తకును బంధువులకును పేరుపేరున పుణ్యభాగము పంచియిచ్చినది. పంచుటకే పేర్లు చెప్పినది కావున ఆమెను తప్పుపట్టలేము. అశోకుడు తన యేడవ స్తంభశాసనమున మఱ్ఱిచెట్లను, మామిడితోటలను నాటించితినని చెప్పి, ఇట్టి సౌఖ్యములను పూర్వరాజులును కలిగించిరనియు, తాను ప్రజలు ధర్మము ననుసరింపవలె నన్న తలపుతో చేసితిననియు చేర్చెను. చెట్టును విడిచి చెట్టునకు కారణమును మాత్రము తన దనుకొన్నాడు. మన కాలమున ఖమ్మము జిల్లాలో రోడ్ల వెంబడి, కాలువగట్ల వెంబడి కోటికిపైగా మొక్కలు నాటి, 2017లో పద్మశ్రీ పొంది, 2025 ఏప్రిలులో కన్నుమూసిన వనజీవి రామయ్యగారు నాటిన చోట్లలో ఎక్కువ భాగము వారివి కావు. ఇన్నింటికి పేరు చెక్కించుట ఎవరి తరము? నాటినవానికే లెక్క తప్పినచో అహంకారమునకు నిలువ చోటు చిక్కదు.

తోట నిలుపువారికిని ఉత్సవము జరుపువారికిని వైరము లేకపోలేదు. చైత్రము దగ్గరపడగానే ఖరగ్‌పూరు తెలుగువాడలలో మాతాపూజ సందడి మొదలగును. ఘటములు లేచును, డప్పులు మ్రోగును, పందిళ్లు వేయుటకు చదునైన చోటెక్కడ నున్నదా యని వెదకుదురు. చదునుచేసి, నీరుపోసి, పచ్చిక పెంచిన పార్కుకంటె చదునైన దేది? వెదురుగుంజ దిగినచోట పచ్చిక చచ్చును. జాతర ముగిసిన మరునాడు విస్తరాకులును బూడిదయు మిగులును. ఈ తగవులో నేను తోటపక్షమువాడనే యైనను, ఒక మాట ఒప్పుకొనవలెను. అందరికిని విడిచితినన్నప్పుడు ఆ అందరిలో నాకు నచ్చినవారు మాత్రమే యుందురని ఏ సంకల్పమునను చెప్పలేదు. మత్స్యపురాణము చెట్ల నడుమ ఆవును విడువుమన్నది. విడిచిన ఆవు లేతచిగురును మేయకుండునా? అది తెలిసియే విడువుమన్నది.

ముప్పదియేండ్లు పూరీ గేటు దాటి డ్యూటీకి పోయివచ్చిన ఫిట్ట రొకడు, రిటైరై స్వగ్రామమునకు చేరి, మనుమని పెండ్లికో మరి దేనికో మరల ఖరగ్‌పూరు వచ్చి, సాయంకాలమున తాను ఒకప్పుడు మట్టి మోసిన పార్కులోనికి నడచినట్లు ఊహింతము. గుంతలో పాతిన వేపమొక్క ఇప్పుడు రెండు చేతులకు అందని మ్రాను. బల్లపై ఎవరో ముసలమ్మలు కూర్చుండి బెంగాలీలోను తెలుగులోను కోడండ్రను తిట్టుచున్నారు. చోటు లేక అతడు చెట్టునకు చేరగిలబడును. చెట్టునే వికెట్టుగా చేసికొని ఆడుకొనుచున్న పిల్లలలో ఒకడు విసుగుతో కేకవేయును: “తాతా, పక్కకి జరుగు, బంతి తగుల్తాది!” అతడు జరుగును.