తెగిన పోగు

మానవుడు ఒక సాధనమును కొంతకాలము వాడిన పిదప అది సాధనమను సంగతినే మరచును. కన్ను చక్కగా చూచుచున్నంతకాలము కన్నున్నదని ఎవరికిని తోచదు. అందు నలుసు పడిననాడే దానిని తలచుకొందుము. నేటి కాలమున అంతర్జాలము మనకిట్టిదైనది. ఉత్తరము, వార్త, వర్తకము, ధనము, దూరమందున్న బిడ్డల ముఖము, అన్నియు అరచేతిలోని చిన్న పలకయందు ఇమిడిపోయినవి. అది ఒకనాడు అకస్మాత్తుగా మూగవోయినచో మన మనస్సు ఏమగును? ఈ ప్రశ్న ఊహకు మాత్రమే సంబంధించినది కాదు. సూరతు నగరవాసులకు అది అనుభవమునకు వచ్చినది.

2015 ఆగష్టు 25వ తేదీన అహమ్మదాబాదులో పాటీదారులు రిజర్వేషనులు కోరుచు గొప్ప సభ జరిపిరి. ఆనాటి సాయంకాలము మొదలు గుజరాతు రాష్ట్రమున పలుచోట్ల అల్లరులు చెలరేగెను. వదంతులు వ్యాపింపకుండుటకై సెల్‌ఫోనులకు వచ్చు అంతర్జాలము నిలిపివేయబడెను. పాటీదారులు అధికసంఖ్యలో నివసించు సూరతు కూడ ఆ కల్లోలమునకు లోనయ్యెను. కొన్ని పేటలలో కర్ఫ్యూ విధింపబడెను. సెప్టెంబరు 19న ఉద్యమనాయకుని సూరతులో నిర్బంధించినప్పుడు మరల సెల్‌ఫోనులలో అంతర్జాలము ఆగిపోయెను. తీగలద్వారా వచ్చు బ్రాడ్‌బ్యాండును నిలుపలేదు. కాని ఇంట అట్టి తీగ ఉన్నవారెందరు? వజ్రములకు సానపట్టు పనివానికిని, మరమగ్గముకడ నిలుచువానికిని సెల్‌ఫోనే తపాలాకచేరి, అదే అంగడి, అదే సొంత ఊరి గుమ్మము.

సూరతు తెలుగువారికి పరాయి ఊరు కాదు. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు అనేకము అచ్చటి లింబాయతు మొదలగు పేటలలో మరమగ్గములను నమ్ముకొని జీవించుచున్నవి. వారిలో ఒక నేతగానిని మనస్సునందు ఊహించుకొందము. పాళీ ముగిసినది. ఊరిలో తల్లికి జబ్బు. వైద్యుని చీటీ ఫోటోగా రావలసియున్నది. కుమార్తె పరీక్షకు హాలుటిక్కెట్టు ఈమెయిలులో రావలసియున్నది. అతడు ఫోను తీసిచూచును. ఏమియు రాలేదు. మరల చూచును. పదిమారులు చూచును. కొంతసేపటికి తల్లి చీటీయు, బిడ్డ హాలుటిక్కెట్టును స్మృతిలోనుండి జారిపోవును. చేయి మాత్రము ఫోనువద్దకు పోవుచునే యుండును. రాదని తెలిసియు చూచుచున్నాడు! ఎందుకు చూచుచున్నాడో అతనికే తెలియదు.

ఇచ్చట మనము జాగ్రత్తగా గమనింపవలెను. ఆ నేతగాని దుఃఖము ఒక్కటి కాదు, రెండు. మొదటిది కొరత. తల్లికి మందు చేరవలెను, బిడ్డ పరీక్ష వ్రాయవలెను. ఆ పనులకు అడ్డము వచ్చినది. రెండవది తహతహ. ఏ పనియు లేకున్నను, ఏదో ఒక కొత్తదనము కన్నుల యెదుట మెరయుచుండవలెనను దాహము. అంతర్జాలము ఉన్నన్నాళ్లు ఈ రెండును పాలు నీళ్లవలె కలిసియుండును. అది పోయిననాడు వేరుపడును. ఈ రెండింటిని గుర్తించి విడదీయుటయే వివేకము. ఆ నష్టమునందు దాగియున్న లాభము కూడ అదియే.

ఈ రెంటికిని ఔషధము ఒక్కటి కాదు. కొరతకు ఔషధము కర్మ. తల్లి జబ్బును గూర్చి కలతపడు వానితో “సర్వము మాయ, శాంతముగా కూర్చుండుము” అని పలుకుట వేదాంతము కాదు, కాఠిన్యము. అతడు లేచి తీగ కనెక్షను ఉన్న పొరుగువాని తలుపు తట్టవలెను. ఊరిలోని మందుల అంగడివానిని ఫోనులో పిలిచి చీటీ చదివించుకొనవలెను. తలుపు తెరచినవాడు విసుగుకొనక లోనికి పిలువవలెను. అట్టి దినములలో తీగ ఉన్నవాడు లేనివానికి తన యింట చోటిచ్చుట అన్నదానమువంటిది. తహతహకు ఔషధము వేరు. దానిని తీర్చరాదు, దానితో పోరాడనూ రాదు, సాక్షివలె చూచుచుండవలెను. “నా చేయి మరల పోవుచున్నది” అని గమనించిన క్షణముననే దాని బలము సగము తగ్గును.

వార్త అందని దుఃఖమునకు మన వాఙ్మయమున సీతాదేవికి మించిన ఉదాహరణము లేదు. అశోకవనమున ఆ తల్లి నెలల తరబడి భర్తయొక్క క్షేమవార్త యేమియు లేక గడిపెను. రావణుడిచ్చిన గడువు పండ్రెండు నెలలు. హనుమంతుడు వచ్చునప్పటికి మిగిలినవి రెండు మాత్రమే. ఆమె తన దుఃఖమును దాచలేదు. ప్రాణత్యాగమును తలచిన ఘడియకూడ వచ్చెను. కావున విరహమున కుమిలినవారు తాము దుర్బలులమని సిగ్గుపడనక్కరలేదు. కాని ఆమె ఆ శూన్యమును రావణుడు చూపిన వైభవముతో నింపుకొనలేదు. ఖాళీయైన పాత్రను ఖాళీగానే ఉంచెను, రామునికొరకు. మన చేతిలోని పలక మూగవోయినపుడు ఏర్పడు ఖాళీని వెంటనే మరియొక కాలక్షేపముతో నింపుటకు పరుగిడువారమగు మనము దీనిని తలచుకొనవలెను.

మరియొక విశేషము కలదు. రామకథను గానముచేయుచు హనుమంతుడు ప్రత్యక్షమైనపుడు ఆమె వెంటనే నమ్మలేదు. రావణుడే మారువేషమున వచ్చెనేమోయని శంకించెను. రాముని లక్షణములను అడిగి, సమాధానములు విని, ఉంగరమును చూచి పూర్ణముగా ఆనందించెను. అంతకాలము వార్తకై తపించిన హృదయము సైతము వార్తను పరీక్షించినది! వార్తలు కరవైన దినములలో వదంతులు ఎక్కువగుట సహజము. “అక్కడ ఇట్లు జరిగెనట” అని ఎవడైన చెప్పినపుడు ఉంగరమేదని అడుగుట మన కర్తవ్యము. వదంతుల భయముచేతనే గదా ఆనాడు అంతర్జాలము ఆగినది! మనలో ప్రతివాడును సీతవలె పరీక్షించి నమ్మినచో అట్టి ఆజ్ఞల అవసరమే తగ్గును.

ఓర్పు అనగా అన్యాయమును మ్రింగి ఊరకుండుట అని ఎవరును భ్రమపడరాదు. ఆ నిలుపుదల సమంజసమా కాదా యను ప్రశ్న న్యాయస్థానమునకు పోయెను. 2015 సెప్టెంబరులో గుజరాతు హైకోర్టు ప్రభుత్వచర్యను సమర్థించెను. కాశ్మీరమునకు సంబంధించిన మరియొక వ్యాజ్యమున 2020 జనవరి 10న సుప్రీంకోర్టు, అంతర్జాలమును కాలపరిమితి లేక నిలిపివేయరాదనియు, అట్టి ఆజ్ఞలను ప్రకటింపవలెననియు తీర్పు చెప్పెను. ఈ విచారణ పౌరధర్మము. కాని తీర్పు వచ్చువరకు మనస్సును నిలుపుకొనుట ఎవరికి వారు చేయవలసిన పని. దానిని ఏ న్యాయస్థానమును మనకు చేసిపెట్టదు.

పూర్వులు ఇట్టి ఎడబాటును ఎట్లు సహించిరి? పదునేడవ శతాబ్దమున సూరతు గొప్ప రేవు. ఇంగ్లీషు కంపెనీవారు 1611లో మన మచిలీపట్టణమునను, కొలది కాలమునకే సూరతునను వర్తకస్థానములు నెలకొల్పిరి. నాటి వర్తకుడు ఓడను పంపి, గాలి మరలువరకు నెలలకొలది దాని జాడ తెలియక యుండెడివాడు. నిరీక్షణము అతని వృత్తిలో ఒక భాగము. పిదప తంతి వచ్చెను. 1850లో మన దేశమున మొదలైన తంతివార్తకై ఎన్ని యిండ్లు గుండెలు బిగబట్టి ఎదురుచూచినవో! అదియు 2013 జూలైలో ముగిసెను. సాధనములు వచ్చును, పోవును. ఎదురుచూచు హృదయము మాత్రము అదియే.

కావున సాధకుడు కరవు రాకమునుపే ఉపవాసము నేర్వవలెను. అన్నము దొరకక పస్తుండుట వేరు; ఏకాదశినాడు అన్నముండియు విడిచియుండుట వేరు. మొదటిది మనలను క్రుంగదీయును, రెండవది బలపరచును. వారమున ఒకపూట ఫోనును మనంతట మనమే కట్టిపెట్టుదము. ఉదయము ధ్యానమునకు పూర్వము దానిని తాకకుందము. ఆప్తుల నెంబరులను ఒక కాగితముపై వ్రాసి యింట ఉంచుదము. పొరుగువారి పేర్లు తెలిసికొందము. ఇవి చిన్న పనులే. కాని సంకటమున ఇవియే చేతికర్రలు.

ఆ 2015 ఆగష్టు 29న శ్రావణపూర్ణిమ. రక్షాబంధనపు దినము, పద్మశాలులకు నూలిపున్నమ. నూలిపోగును పవిత్రముగా తలచు వంశమువారికి తెగుట కొత్త కాదు. మగ్గముపై పోగు తెగనినాడు లేదు. తెగినపుడు నేతగాడు మగ్గమును తిట్టడు, ఏడ్చుచు కూర్చుండడు. మగ్గమును ఆపును; వంగి తెగిన కొనలను వెదకును; ముడి వేసి మరల నేయును. ఆగిన ఆ కొన్ని క్షణములలోనే అతడు తాను నేసిన వస్త్రమును తేరిపార చూడగలుగును. మనకును అట్టి క్షణము వచ్చినపుడు, కొనలను వెదకు ఓర్పును, నేసినదానిని చూచుకొను వివేకమును పరమేశ్వరుడు ప్రసాదించుగాక!