ఒక జాతి మొత్తం దోషి కాగలదా?

1945 మే 8న జర్మనీ లొంగిపోవడంతో ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది కానీ, 6 కోట్లకు పైగా ప్రాణాలను బలిగొన్న ఆ యుద్ధం మిగిల్చిన ప్రశ్నల్లో అతి కఠినమైనది తుపాకులు మూగబోయిన తరువాతే తలెత్తింది. చంపినవారెవరో, చంపమని ఆజ్ఞాపించినవారెవరో తేల్చే పనిని న్యాయస్థానాలకు అప్పగించవచ్చు. అయితే చూస్తూ ఊరకున్నవారి మాటేమిటి, చూడకుండా తల తిప్పుకున్నవారి మాటేమిటి, ఆ ప్రభుత్వానికి పన్నులు కట్టి, దాని సైన్యంలో పనిచేసి, దాని విజయాలకు సంబరపడినవారి మాటేమిటి అన్న ప్రశ్నకు ఏ శిక్షాస్మృతిలోనూ జవాబు దొరకదు. ఏప్రిల్‌లో బూఖెన్‌వాల్ట్ నిర్బంధ శిబిరాన్ని చేరుకున్న అమెరికా సైన్యం పక్కనే ఉన్న వైమార్ నగరవాసులను అక్కడికి నడిపించి లోపలి దృశ్యాలను చూపించింది. ఆ వేసవిలో జర్మనీ పట్టణాల గోడలపై శిబిరాల్లోని శవాల ఛాయాచిత్రాలతో పోస్టర్లు వెలిశాయి. ఈ ఘోరాలకు దోషులు మీరేనని అవి దారిన పోయే ప్రతి ఒక్కరినీ నిలదీశాయి. నిలదీసినవారి ఆగ్రహం ధర్మమైనదే. కానీ 'మీరు' అన్న ఆ మాటలో గెస్టపో అధికారితో పాటు, నాజీలను ఎదిరించి అదే శిబిరంలో ఏళ్ల తరబడి మగ్గినవాడూ, యుద్ధకాలంలో పుట్టిన పసిబిడ్డా ఒక్కటైపోయారు.

ఇటువంటి నిందకు అప్పటికే ఒక చేదు చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత 1919లో కుదిరిన వెర్సాయ్ సంధిలోని 231వ అధికరణం యుద్ధనష్టాలకు బాధ్యత జర్మనీదీ దాని మిత్రదేశాలదీ అని ప్రకటించింది. జర్మన్లు దాన్ని తమ జాతి ముఖాన వేసిన దోషముద్రగా భావించి రగిలిపోయారు. ఆ ఆగ్రహాన్ని హిట్లర్ పార్టీ పదునైన ఆయుధంగా వాడుకుంది. కనుక 1945లో ఈ ప్రశ్నను తత్త్వ విచారణకు తీసుకున్నవారు రెండు ప్రమాదాల నడుమ నడవవలసి వచ్చింది. అందరూ దోషులే అంటే నిజమైన హంతకుడు గుంపులో కలిసిపోతాడు, ఎవరో కొందరే దోషులంటే తక్కినవారంతా చేతులు దులుపుకుంటారు.

ఆ విచారణను అందరికంటే నిక్కచ్చిగా చేసినవారు కార్ల్ యాస్పర్స్ (1883–1969). మానసిక వైద్యుడిగా మొదలై తత్త్వశాస్త్రంలోకి వచ్చి హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఈయనను, భార్య గెర్ట్రూడ్ యూదు కుటుంబంలో పుట్టినందువల్ల, 1937లో పదవి నుంచి తొలగించారు. మరుసటి ఏడాది రచనలు ప్రచురించరాదని నిషేధించారు. 1945 ఏప్రిల్ మధ్యలో ఆ దంపతులను శిబిరానికి తరలించాలన్న నిర్ణయం కూడా జరిగిపోయింది. అంతకు రెండు వారాల ముందు అమెరికా సైన్యం నగరంలోకి అడుగుపెట్టినందువల్లనే వారు ప్రాణాలతో మిగిలారు. విశ్వవిద్యాలయం తిరిగి తెరుచుకున్నాక, 1945–46 శీతకాలంలో, యుద్ధం నుంచి తిరిగివచ్చినవారు అనేకులున్న తరగతి ముందు నిలబడి ఆయన జర్మన్ల దోషాన్ని గురించి ఉపన్యసించారు. ఆ ఉపన్యాసాల్లో ఒక భాగం 1946లో పుస్తకంగా వచ్చింది. బాధితుల పక్షాన నిలిచి నిందించే హక్కు పూర్తిగా ఉన్న మనిషి, తనను కూడా దోషుల్లో కలుపుకొని మాట్లాడడం ఆ పుస్తకానికి అరుదైన నైతిక బలాన్నిచ్చింది.

దోషం ఒక్కటి కాదు, నాలుగు విధాలు అన్నది యాస్పర్స్ ప్రతిపాదన. మొదటిది నేరం, అంటే చట్టాన్ని ఉల్లంఘించిన, సాక్ష్యాలతో రుజువు చేయగల చర్య. దానికి విచారణకర్త న్యాయస్థానం, ఫలితం శిక్ష. రెండోది రాజకీయ దోషం. రాజ్యం చేసిన పనుల ఫలితాన్ని దాని పౌరులందరూ, ఆ పాలనను వ్యతిరేకించినవారు సైతం, భరించవలసి ఉంటుంది, ఎందుకంటే తమను ఎవరు ఎలా పాలిస్తున్నారన్న దానిలో ప్రతి పౌరుడికీ పాలు ఉంది. దీని ఫలితం నష్టపరిహారం, అధికారాన్ని కోల్పోవడం. మూడోది నైతిక దోషం. ఆజ్ఞ ప్రకారమే చేసినా, భయంతో చేసినా, చేసిన పని తనదే గనుక మనిషి తన అంతరాత్మకు జవాబు చెప్పుకోవాలి. ముఖానికి ముసుగు వేసుకొని బతకడం, సగం నమ్మి సగం నమ్మనట్టు సర్దుకుపోవడం, తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకపోవడం ఈ కోవలోకి వస్తాయి. ఇక్కడ తీర్పు చెప్పగలిగినది మనిషి మనస్సాక్షి ఒక్కటే, లేదా అతని మేలు కోరి అతనితో మనసు విప్పి మాట్లాడే ఆత్మీయులు. నాలుగోదాన్ని పారమార్థిక దోషం అనవచ్చు; మనిషిగా పుట్టినందువల్లనే సాటి మనిషితో ఏర్పడే విడదీయరాని బంధం తెగినప్పుడు కలిగేది ఇది, దీనికి న్యాయమూర్తి దేవుడొక్కడే.

ఈ నాలుగో భావన దగ్గరే ఆలోచన లోతైన నీళ్లలోకి దిగుతుంది. 1938 నవంబరులో యూదుల ప్రార్థనాలయాలను తగలబెట్టి వేలాది మందిని పట్టుకుపోయిన రాత్రి గానీ, ఆ తరువాత పొరుగువారిని రైళ్లలోకి ఎక్కించినప్పుడు గానీ, తామెవరమూ వీధిలోకి వచ్చి ప్రాణం పోయేదాకా అరవలేదని, తమ చావు వల్ల ఎవరికీ మేలు జరగదన్న బలహీనమైన, అయినా సరైన సమాధానంతో బతికి ఉండడాన్నే ఎంచుకున్నామని యాస్పర్స్ ఒప్పుకున్నారు. అలా బతికి ఉన్నందుకు చట్టం వారిని తప్పు పట్టదు. నీతిశాస్త్రం కూడా, ప్రయోజనం లేని ఆత్మాహుతిని విధిగా ఎవరిమీదా మోపదు. అయినా బతికి ఉండడమే ఒక దోషంగా లోపల తొలుస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. సభాపర్వంలో ద్రౌపది ప్రశ్నకు కురుసభ మౌనం వహించినప్పుడు విదురుడు, నిందింపదగిన పనిని నిందించని సభలో పాపం ఎలా పంపకమవుతుందో చెబుతాడు. సగం సభకు పెద్దగా కూర్చున్నవాడికి, పాతిక భాగం చేసినవాడికి, తక్కిన పాతిక మౌనంగా కూర్చున్న సభ్యులకు. తిక్కన ఉద్యోగపర్వంలో రాయబారానికి వెళ్లిన కృష్ణుడు, ధర్మమూ సత్యమూ అసత్యం చేత, పాపం చేత నాశనమయ్యే స్థితికి వచ్చినప్పుడు కాపాడగల సమర్థులు ఉపేక్షిస్తే అది ఆ సమర్థులకే చేటు అని కౌరవసభను హెచ్చరిస్తాడు. భారతం వేసిన ఈ లెక్కలో ఒక మర్యాద ఉంది. సభలో ఉన్నవాడికే, ఆపగల శక్తి ఉన్నవాడికే వాటా. అధికారం ఎక్కువైన కొద్దీ వాటా పెరుగుతుంది. యాస్పర్స్ చెప్పిన నాలుగో దోషం ఆ గీతను దాటి, ఏ శక్తీ లేనివాడిని కూడా తాకుతుంది. ఈ రెండింటిలో భారతం చూపినది ప్రజాజీవితానికి పనికివచ్చే కొలమానం. యాస్పర్స్ చెప్పినది ఒంటరిగా తనను తాను ప్రశ్నించుకునే మనిషికి మాత్రమే చెందినది. ఆ రెండోదాన్ని పక్కవాడి మీద ప్రయోగించిన మరుక్షణం అది క్రూరమవుతుంది. అందుకే యాస్పర్స్ విభజనలోని అసలు విలువ పేర్లలో లేదు, ఒక్కొక్క దోషానికి ఒక్కొక్క న్యాయపీఠాన్ని కేటాయించడంలో ఉంది.

న్యాయపీఠాలు తారుమారైతే ఏమవుతుందో యుద్ధానంతర జర్మనీయే చూపించింది. నాజీ పార్టీలో 80 లక్షలకు పైగా సభ్యులుండగా, వారిని వడపోయడానికి అమెరికా అధికారులు 131 ప్రశ్నల పత్రాన్ని పంచారు. 1946లో వచ్చిన చట్టం జనాన్ని ప్రధాన దోషులు మొదలుకొని నిర్దోషుల దాకా ఐదు తరగతులుగా విడదీసింది. అంతరాత్మ విచారించవలసిన నైతిక దోషం కార్యాలయాల్లో దస్త్రంగా మారింది. ఇరుగుపొరుగువారి దగ్గర, మతగురువుల దగ్గర మంచివాడన్న సాక్ష్యపత్రాలు సంపాదించుకోవడం రివాజైంది; ఆ కాగితాలను జనం ఒక సబ్బుపొడి పేరుతో పిలిచారు. అత్యధికులు 'వెంట నడిచినవారు' అన్న తేలికపాటి తరగతిలో చేరి బయటపడ్డారు. మరోవైపు నాజీ నాయకులను విచారించిన నురెంబర్గ్ న్యాయస్థానం తన హద్దును గుర్తెరిగి నడిచింది. 1945 నవంబరు 20న మొదలైన విచారణలో అమెరికా ప్రధాన ప్రాసిక్యూటర్ రాబర్ట్ జాక్సన్, జర్మన్ ప్రజలందరి మీద నేరం మోపే ఉద్దేశం లేదని తొలి ప్రసంగంలోనే స్పష్టం చేశారు. 1946 అక్టోబరు 1 నాటికి 12 మందికి మరణశిక్ష, ఏడుగురికి కారాగారం విధించి, ముగ్గురిని నిర్దోషులుగా విడిచిపెట్టారు. ఆ ముగ్గురి విడుదల చాలామందికి మింగుడుపడలేదు కానీ, వ్యక్తి చేసిన పనినే తూచాలన్న సూత్రానికి అదే గట్టి రుజువు.

మతసంస్థల పశ్చాత్తాపం కథ ఇంతకంటే చిక్కైనది. 1945 అక్టోబరులో జర్మనీ ప్రొటెస్టెంట్ సంఘాల నాయకులు స్టుట్‌గార్ట్ నగరంలో, విదేశీ సంఘాల ప్రతినిధుల సమక్షంలో, తమ జాతి వల్ల ఎన్నో దేశాలకు అంతులేని బాధ కలిగిందని, తాము మరింత ధైర్యంగా సాక్ష్యం పలకనందుకు, మరింత గాఢంగా ప్రేమించనందుకు తమను తామే నిందించుకుంటున్నామని ప్రకటించారు. సంతకం చేసినవారిలో మార్టిన్ నీమోలర్ ఒకరు. 1937 నుంచి యుద్ధం ముగిసేదాకా ఆయన హిట్లర్ బందీ. విడుదలైన తరువాత డఖావ్ శిబిరానికి భార్యతో వెళ్లి, అక్కడి శవదహనశాల దగ్గర ఉన్న ఫలకంపై 1933 నుంచి అన్న సంవత్సరాన్ని చూసినప్పుడు, 1937 తరువాత ఏం చేశావంటే చెప్పుకోవడానికి జైలు ఉంది గానీ అంతకు ముందరి నాలుగేళ్లకు తన దగ్గర జవాబు లేదని తనకు తెలిసివచ్చిందని ఆయన పలుచోట్ల చెప్పారు. ఆయన ప్రసంగాలకు విద్యార్థులు నిరసన తెలిపారు. స్టుట్‌గార్ట్ ప్రకటన దేశమంతటా కోపాన్ని రేపింది. అయినా ఆ ప్రకటనలో యూదులన్న మాటే లేదు. హతులైన 60 లక్షల మందిని పేరుపెట్టి తలచుకోని పశ్చాత్తాపం దేవుడి ముందు ఎంత వినయంగా మోకరిల్లినా, మనుషుల ముందు అసంపూర్ణమే. యూదుల పట్ల చేసిన దోషాన్ని సంఘం సూటిగా ఒప్పుకోవడానికి 1950 నాటి బెర్లిన్ సభ దాకా ఆగవలసి వచ్చింది. హిట్లర్ వ్యతిరేక కుట్రలో పాల్గొని 1945 ఏప్రిల్ 9న ఉరికంబమెక్కిన మతవేత్త డీట్రిచ్ బాన్‌హోఫర్ మాత్రం, అంతకు కొన్నేళ్ల ముందే రాసిన అసంపూర్ణ గ్రంథంలో, అమాయకుల రక్తం ఆర్తనాదం చేసినప్పుడు సంఘం మూగదైందని నేరుగా రాసుకున్నారు.

జపాన్‌లో పశ్చాత్తాపం మరో దారి పట్టింది. లొంగిపోయిన కొద్ది రోజులకే, 1945 ఆగస్టు చివర, ప్రధాని హిగాషికుని పది కోట్ల ప్రజలూ కలిసి పశ్చాత్తపించాలని పిలుపునిచ్చారు. వినడానికి ఉదాత్తంగా ఉన్న ఈ పిలుపు యుద్ధాన్ని నడిపించిన సేనానినీ, అందులో కొడుకును పోగొట్టుకున్న తల్లినీ ఒకే వరుసలో కూర్చోబెట్టింది. ఎవరి ఎదుట పశ్చాత్తపించాలో కూడా చెప్పలేదు. చక్రవర్తిని విజేతలు విచారణకు పిలవనేలేదు. జపాన్ పాలనను బాధ్యత ఎవరి దగ్గరా నిలవని వ్యవస్థగా రాజనీతి పండితుడు మరుయామ మసావో విశ్లేషించారు. ఇదే కాలంలో క్యోటో తాత్త్వికుడు తనాబె హజిమె, 13వ శతాబ్దపు బౌద్ధ గురువు షిన్రాన్ బోధను ఆధారం చేసుకొని, తన బుద్ధిబలం మీద నమ్మకాన్ని పూర్తిగా వదులుకొని పరాశక్తికి, అంటే అమితాభ బుద్ధుని కరుణకు, శరణాగతుడు కావడమే తత్త్వశాస్త్రం అని 1946లో ఒక గ్రంథం వెలువరించారు. అందులోని వేదన నిజమైనదే. కానీ చైనాలో, కొరియాలో బాధపడినవారికి ఏమి చెల్లించాలన్న రాజకీయ దోషపు ప్రశ్నకు శరణాగతి జవాబు కాజాలదు.

జపాన్ యుద్ధ నాయకులను విచారించిన టోక్యో న్యాయస్థానంలో కూర్చున్న 11 మంది న్యాయమూర్తుల్లో ఒకరైన భారతీయుడు రాధాబినోద్ పాల్, నిందితులందరినీ నిర్దోషులుగా ప్రకటిస్తూ వెయ్యికి పైగా పుటల భిన్నతీర్పు రాశారు. జపాన్ సైన్యం దురాగతాలను ఆయన కాదనలేదు. పని జరిగిన తరువాత చేసిన చట్టంతో శిక్షించరాదని, విజేతల చేతలు తూకంలోకి రాని న్యాయం న్యాయం కాదని ఆయన వాదన. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. మరుసటి ఏడాది బ్రిటిష్ పాలనలోని బెంగాలులో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. ఈ రెండింటినీ చవిచూసిన దేశానికి పాల్ ప్రశ్న అర్థం కాకపోదు. అయితే విజేతల దోషం మిగిలిపోయినంత మాత్రాన పరాజితుల నేరం మాసిపోదు గనుక, ఆయన ప్రశ్న సరైనదే గానీ ఆయన ముగింపు సరైనది కాదు.

రాజకీయ దోషాన్ని మాత్రం పశ్చిమ జర్మనీ ఆలస్యంగానైనా చేతల్లో ఒప్పుకుంది. 1952 సెప్టెంబరు 10న లక్సెంబర్గ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇజ్రాయెల్‌కు 300 కోట్ల మార్కులు చెల్లించడానికి అంగీకరించింది. 1970 డిసెంబరు 7న వార్సా నగరంలోని యూదు స్మారకం ముందు ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ మోకాళ్ల మీద కూలబడ్డారు. హిట్లర్ కాలమంతా ప్రవాసంలో గడిపి అతనికి వ్యతిరేకంగా పనిచేసిన బ్రాంట్‌కు నేరమూ లేదు, నైతిక దోషమూ లేదు. ఆయన మోసినది తన రాజ్యపు భారాన్ని. ఆనాడు దేశంలో అనేకులు దాన్ని అతి అన్నారు.

నేరం విషయంలో మరో పోరాటం సాగింది. హత్యానేరానికి 20 ఏళ్ల కాలపరిమితి ఉన్న చట్టం ప్రకారం 1965తో నాజీ హంతకుల మీద కొత్త విచారణలు ఆగిపోవలసి ఉండగా, అప్పటికి బాసెల్‌లో స్థిరపడిన యాస్పర్స్, ఒక ప్రజాసమూహాన్నే తుడిచిపెట్టే నేరానికి కాలదోషం పట్టదని బహిరంగంగా వాదించారు. గడువును పార్లమెంటు ఒకసారి 1965లో, మరోసారి ఆయన మరణించిన 1969లో పొడిగించింది. 1979లో హత్యానేరానికి కాలపరిమితిని పూర్తిగా రద్దు చేసింది. శిబిరాల్లో పనిచేసిన వృద్ధులను 21వ శతాబ్దంలో కూడా జర్మనీ న్యాయస్థానాలు ఒక్కొక్కరిగా, ఎవరు చేసిన పనికి వారినే, విచారించింది ఆ సవరణ ఆధారంగానే.